లాముకి ప్యాకేజీ లేకుండా ఒంటరిగా వెళ్లొచ్చా?

కెన్యా తీరంలో ఒక దీవి మీదున్న లాము పాత పట్టణానికి ఒక అమ్మాయి టూర్ ప్యాకేజీ లేకుండా ఒంటరిగా వెళ్లొచ్చా, రెండు రోజులు సరిపోతాయా అని అడిగారు. వెళ్లొచ్చు. రెండు రోజులు మాత్రం చాలవు, కనీసం నాలుగు పెట్టుకోండి. నైరోబీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు నేను ఒక్కదాన్నే వెళ్లాను. తూర్పు ఆఫ్రికాలో నాకు ఇంతగా నచ్చిన ఊరు ఇంకొకటి లేదు.

రెండు రోజులు ఎందుకు చాలవంటే, అక్కడ మన ప్లాన్‌ని సముద్రపు ఆటుపోట్లు, నమాజు వేళలు నడిపిస్తాయి. ఎదురుగా ఉన్న మాండా దీవిలో తక్వా శిథిలాలున్నాయి. 17వ శతాబ్దంలో జనం వదిలేసి వెళ్లిపోయిన ఊరది. పోటు మీద ఉన్నప్పుడే మడ చెట్ల మధ్య పాయలోంచి పడవ అక్కడిదాకా పోగలదు. షేలా ఊరు, దాని పక్కనున్న పొడవాటి బీచ్ చూడాలంటే సుమారు 3 కిలోమీటర్ల నడక. ఒడ్డు వెంట వెళ్లే ఆ దారిని ఆటు సమయానికి పెట్టుకుంటే హాయి. కాబట్టి రేపు పోటు ఎప్పుడని ముందు రోజు సాయంత్రమే బస చేసిన చోట అడగండి. పడవవాళ్లతో టైమ్ మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడి స్వాహిలీ ప్రజల లెక్కలో గంటలు సూర్యోదయం నుంచి మొదలవుతాయి. మన ఉదయం 7 వాళ్లకి ఒకటి. ఏ లెక్క చెబుతున్నారో తేల్చుకుని, ధర కూడా ఎక్కకముందే ఖాయం చేసుకోండి.

ఊరి గురించి చెప్పాలంటే, కార్లు తిరిగే వీధులు కావు. గాడిదలు బరువులు మోసుకుంటూ ఎదురొస్తే గోడకి ఆనుకుని దారివ్వాలి. ఇళ్లు పగడపు రాయి, సున్నం, మడ దుంగలతో కట్టినవి. ఆ దుంగల పొడవుని బట్టే గది వెడల్పు, అందుకే గదులు పొడుగ్గా, ఇరుకుగా ఉంటాయి. బయటికి ఖాళీ గోడే కనిపిస్తుంది. అందమంతా లోపలి పెరడులోనూ, గచ్చుతో చెక్కిన గూళ్లలోనూ ఉంటుంది. చెక్కడపు తలుపుల ముందు అటూ ఇటూ రాతి అరుగులు, సాయంత్రం వాటి మీద కబుర్లు. ఇంటి లోపల ఎలా ఉంటుందో తెలియాలంటే స్వాహిలీ హౌస్ మ్యూజియం తప్పకుండా చూడండి. 1821 నాటికి పూర్తయిన కోట ఇప్పుడు మ్యూజియం, 1984 దాకా అది జైలు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది గోరింటాకు పెట్టించుకున్న పూట. అక్కడి ఆడవాళ్లు ఇళ్లలోనే పెడతారు. ఆ వంకతో ఒక ఇంటి లోపలి పెరట్లో కూర్చున్నాను. వీధిలో ఒళ్లంతా కప్పే నల్లటి బుయిబుయి అనే వస్త్రంలో కనిపించే ఆడవాళ్లు అక్కడ రంగురంగుల బట్టల్లో నవ్వుతూ, పిల్లల్ని కేకలేస్తూ కనిపించారు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి దొరికే అవకాశం ఇది, గ్రూపులో పరుగులు పెట్టేవాళ్లకి దొరకదు. భుజాలు, మోకాళ్లు కప్పే వదులు బట్టలు వేసుకోండి, ఫొటో తీసేముందు అడగండి.

2001లో యునెస్కో గుర్తించిన ఈ అందం వెనక ఒక బాధాకరమైన చరిత్ర ఉంది, దాన్ని కూడా మనసులో పెట్టుకుని తిరగాలని నా కోరిక. ఈ సంపదలో బానిసల శ్రమ చాలా ఉంది. 1907లో కెన్యాలో బానిసత్వం రద్దయింది. అప్పటికే మొంబాసా రేవు నుంచి రైలు పడి వ్యాపారం అటు మళ్లింది, లాము వెనకబడింది. ఊరు పాతగానే మిగలడానికి ఆ వెనకబాటు కూడా ఒక కారణం.

శాకాహారులైతే టెన్షన్ పడక్కర్లేదు. పొద్దున్నే కొబ్బరిపాలలో ఉడికించిన కందులు, వాటితో మహంరీలు అనే ఏలకుల వాసనతో పొంగిన రొట్టెలు. కొబ్బరి అన్నం, రాజ్మా, చపాతీ కూడా దొరుకుతాయి. సమోసాలో మాంసం ఉంటుంది, అడిగి తినండి. రంజాన్‌లో పగటిపూట చాలా హోటళ్లు మూసి ఉంటాయి.

భద్రత విషయం దాచకుండా చెబుతాను. పట్టణం లోపల రాత్రి భోజనం చేసి వెలుతురున్న దారిలో నడిచి వచ్చాను, ఇబ్బంది కలగలేదు. కానీ సోమాలియా సరిహద్దు దగ్గర. 2011లో ఈ ప్రాంతం నుంచి విదేశీయులను ఎత్తుకెళ్లారు, 2014లో ప్రధాన భూభాగం వైపు ఎంపెకెటోనిలో దాడి జరిగింది. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకి రోడ్డు దారి నేను చెప్పను. నైరోబీ నుంచి మాండాకి విమానంలో వెళ్లి, అక్కడి నుంచి పడవలో దాటండి. బయల్దేరే ముందు తాజా హెచ్చరికలు చదవండి.

ఏప్రిల్, మే నెలల్లో వానలు ఎక్కువ, అప్పుడు వద్దు. ఇండియా నుంచి వెళ్తుంటే ఈటీఏ, అంటే కెన్యాలోకి రావడానికి ఇచ్చే ఎలక్ట్రానిక్ అనుమతి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మలేరియా మందుల గురించి డాక్టర్‌ని అడగండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, సర్టిఫికెట్ లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడి ఎయిర్‌పోర్టులో క్వారంటైన్‌కి పంపే అవకాశం ఉంది.