లింటన్–లిన్‌మత్ క్లిఫ్ రైల్వే: మోటారు లేకుండా ఎలా నడుస్తుంది, పెద్దవాళ్లతో వెళ్తే ఏం చూసుకోవాలి

మీరు అడిగినవి మూడు. ఇంగ్లండ్‌లో మీ దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని, మోకాళ్ల నొప్పులున్నా, డెవన్‌లోని ఈ కొండ రైలుకి తీసుకెళ్లొచ్చా? మోటారే లేని బండి భద్రమేనా? అంత దూరం వెళ్లడం దండగా? తీసుకెళ్లండి. భద్రమే. దండగ కాదు కానీ, ఊరికే ఎక్కి దిగితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అది ఎలా నడుస్తోందో తెలిసి చూస్తేనే టికెట్టు డబ్బులు గిట్టుబాటు.

కింద సముద్రం ఒడ్డున లిన్‌మత్, పైన కొండ మీద లింటన్. మధ్యలో పట్టాల పొడవు 862 అడుగులు, ఎత్తు తేడా దాదాపు 500 అడుగులు. సుమారు 35 డిగ్రీల వాలన్నమాట. బోగీ కింద చట్రం త్రికోణంలా ఉంటుంది కాబట్టి మనం నిలబడే చోటు మాత్రం చదునుగానే ఉంటుంది. పెద్దవాళ్లకి ఒళ్లు వాలిపోతుందన్న భయం అక్కర్లేదు.

ఇక నడిచే పద్ధతి. గిలక బావిలో ఒకే తాడుకు రెండు చివరలా రెండు బొక్కెనలు కట్టినట్టు, ఒక కేబుల్‌కి రెండు బోగీలు. ఒకటి దిగితే రెండోది ఎక్కుతుంది. ప్రతి బోగీ అడుగున 700 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు ఉంది, అంటే సుమారు 3,180 లీటర్లు. పైస్టేషన్‌లో ట్యాంకు నింపుతారు. రెండు చోట్లా జనం ఎక్కాక, డ్రైవర్లు ఒకరికొకరు సైగ ఇచ్చుకుని, కింది బోగీ దిగేటప్పుడు ట్యాంకులో తెచ్చుకున్న నీళ్లు వదులుతారు. పైబోగీ బరువు మించగానే బండి కదులుతుంది. అందుకే వదిలే నీళ్లు ప్రతిసారీ ఒకేలా ఉండవు. పైన నలభై మంది, కింద నలుగురు ఉంటే కొంచెం వదిలితే చాలు. కింద కిక్కిరిసి పైన ఖాళీగా ఉంటే చాలాసేపు వదలాలి. "కింద ఎంతకీ కదలట్లేదేంటి" అని జనం విసుక్కునేది ఇక్కడే.

ట్యాంకు అంత పెద్దది ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. బోగీకి 40 మంది పడతారు. మనిషికి 70 కిలోలు వేసుకున్నా 2.8 టన్నులు. నిండు ట్యాంకు దాదాపు 3.2 టన్నులు. అంటే పైబోగీలో ప్రయాణికులు ఒక్కరూ లేకపోయినా, జనంతో నిండి, ట్యాంకు ఖాళీ అయిన కింది బోగీని నీళ్లే లాగేయగలవు. కేబుల్ పైనా కిందా పెద్ద కప్పీల చుట్టూ తిరిగి మళ్లీ కలిసిపోతుంది కాబట్టి దాని సొంత బరువు రెండు వైపులా ఎప్పుడూ సమానమే. అలా కాకపోతే బోగీ దిగేకొద్దీ ఆ వైపు కేబుల్ బరువు పెరిగి వేగం పుంజుకునేది.

నీళ్లు పంపుతో ఎక్కించినవి కావు. వెస్ట్ లిన్ నది నుంచి సుమారు మైలు దూరం గొట్టంలో వాటంతట అవే పల్లానికి పారుతూ పైస్టేషన్‌కి వస్తాయి. కింద వదిలాక సముద్రం పాలే. ఇంగ్లండ్‌లోనే సాల్ట్‌బర్న్‌లో 1884 నాటి నీటి రైలు ఇంకా నడుస్తోంది, కానీ అక్కడ వాడిన నీటిని మళ్లీ పైకి పంపు చేయాలి. నా దృష్టిలో లింటన్‌ది ఒక మెట్టు పైన ఉండేది ఈ ఒక్క కారణానికే. రోజుకు 60,000 గ్యాలన్ల దాకా తీసుకునే శాశ్వత హక్కు చట్టం ద్వారానే కంపెనీకి దక్కింది. ప్రతిసారీ నిండు ట్యాంకు ఖర్చయినా 85 ట్రిప్పులకు సరిపోతుంది.

భద్రత సంగతి: ప్రతి బోగీలో ఒక డ్రైవరు, సొంత బ్రేకులు ఉంటాయి. అవి నీటి పీడనంతో పనిచేస్తాయి. మామూలు స్థితిలో అవి బిగిసే ఉంటాయి, డ్రైవరు పట్టి ఉంచితేనే వదులుతాయి. చెయ్యి తీస్తే బండి ఆగిపోతుంది. రెండు బోగీలూ ఒకే కేబుల్‌కి ఉన్నాయి కాబట్టి ఎవరు ఆపినా రెండూ ఆగుతాయి. జార్జ్ క్రాయ్‌డన్ మార్క్స్ రూపకల్పనలో, పత్రికల యజమాని జార్జ్ న్యూన్స్ పెట్టుబడితో 1890 ఈస్టర్ సోమవారం మొదలైన ఏర్పాటు ఇది. అంతకు ముందు బొగ్గు, సరుకులు గుర్రాల వీపున ఆ కొండ ఎక్కేవి.

ఎక్కేటప్పుడు సముద్రం వైపు ఉన్న చిన్న ఆరుబయటి వేదిక మీద చోటు చూసుకోండి, డ్రైవరు నిలబడేదీ అక్కడే. రెండు పట్టాలూ దాదాపు ఆనుకుని సాగి, సరిగ్గా మధ్యలో మాత్రం పొట్టలా ఉబ్బుతాయి. బోగీలు ఒకదాన్నొకటి దాటేది అక్కడే, ఫోన్ ముందే సిద్ధంగా పట్టుకోండి. ఫొటోలకు ఇంకా మంచి చోటు పట్టాల మీదుగా వెళ్లే కాలిబాట వంతెన. మబ్బు లేకపోతే అవతల వేల్స్ తీరం కనిపిస్తుంది.

అమ్మానాన్నలకు రానూపోనూ టికెట్టే కొనండి. "దిగడమే కదా, నడుద్దాం" అనుకుంటారు. రెండు ఊళ్ల మధ్య కాలిబాట మలుపుల మీద మలుపులుగా నిటారుగా ఉంటుంది, నొప్పి మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే శిక్ష. పైస్టేషన్ నుంచి లింటన్ ఊళ్లోకి కూడా కాస్త ఎత్తు ఎక్కాలి. ఓపిక లేకపోతే స్టేషన్ పక్కనే ఉన్న కెఫేలో కూర్చోబెట్టి, మీరు మైలు దూరంలోని వ్యాలీ ఆఫ్ రాక్స్‌కి వెళ్లి అడవి మేకల్ని చూసి రావచ్చు.

కారులో మైన్‌హెడ్ వైపు నుంచి వస్తే పోర్లాక్ హిల్, కౌంటిస్‌బరీ హిల్ రెండూ నాలుగుకు ఒకటి వాలు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది, చిన్న గేరులో దిగండి. కొత్త డ్రైవర్లు ఎమ్5 జంక్షన్ 27 దగ్గర దిగి, ఏ361, ఏ399 మీదుగా బ్లాక్‌మూర్ గేట్ చేరి, ఏ39 పట్టుకోవడం మేలు. బండి లిన్‌మత్ ఎస్ప్లనేడ్ పార్కింగ్‌లో పెడితే కిందిస్టేషన్ దగ్గరే. ఆగస్టులో పదకొండు దాటితే పార్కింగ్ కోసం తిరగాలి, క్యూలోనూ నిలబడాలి.

శీతాకాలంలో, సుమారు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మరమ్మతులకు మూసేస్తారు. మార్చిలో వెళ్లేట్టయితే తెరిచే తేదీ వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. ఇంకొకటి: మ్యాప్‌లో "లింటన్ అండ్ బార్న్‌స్టపుల్ రైల్వే" అని వస్తే అది వేరు. వుడీ బే దగ్గర నడిచే చిన్న గేజు ఆవిరి రైలు అది, పొరపాటున దాన్ని పెట్టుకుంటే లింటన్‌కి కొన్ని మైళ్ల ఇవతలే ఆగిపోతారు.