మంచం కింద దాచిన నాన్న కర్ర

ప్రశ్న: మాది రాజమండ్రి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఒక సమోవా (పసిఫిక్ దీవుల) కుటుంబానికి కోడలినై పద్నాలుగేళ్లయింది. మావారు వారమంతా గోడౌన్‌లో పని చేసి, శని ఆదివారాలు నిప్పు కత్తి నాట్యం, అంటే చివర్లకు నిప్పు పెట్టిన కత్తి కర్ర తిప్పుతూ ఆడే సమోవా నాట్యం, చేసేవారు. చేతులు కాల్చుకుని వస్తే నేనే కలబంద రాసేదాన్ని. గుండెపోటుతో నలభై మూడేళ్లకే పోయారు. వచ్చే నెల ఏడాది. ఆ రోజు సమాధి రాయి మీది గుడ్డ తీసి, సాయంత్రం చర్చి హాల్లో ఆటపాటలతో ఆయన్ని తలుచుకుంటామని అత్తగారు వాళ్లు అంటున్నారు. మా పన్నెండేళ్ల బాబు నాన్న నాట్యం చేయాలట. నేను నాలుగు మాటలు చెప్పాలట. "సంవత్సరీకం నాడు గెంతులేమిటే" అని అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. ఆయన పోయిన వారంలోనే మా మరుదులు నవ్వుతూ ఆడారు. వీళ్లకి బాధే లేదా అనిపించింది. బాబు ఆ కర్ర ముట్టనంటాడు. కానీ మొన్న ఊడుస్తుంటే వాడి మంచం కింద టవల్లో చుట్టి కనిపించింది. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ముందు ఆ కర్ర సంగతి. మీరు చూసినట్టు బాబుకి చెప్పకండి. తీసి వేరే చోట పెట్టకండి. ముట్టనన్న పిల్లాడు దాన్ని పారేయలేదు, టవల్ చుట్టి తన కిందే పెట్టుకుని పడుకుంటున్నాడు. నాన్నతో వాడికింకా మాటలున్నాయి. అవి హాలు నిండా జనం ముందు జరగాలా వద్దా అన్నది వాడే చెప్పాలి. "నీకు ఆడాలనుంటే ఆడు, లేకపోతే నా పక్కన కూర్చో, ఎవరూ ఏమీ అనరు" అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. రోజూ అడిగితే టెన్షన్ పడతాడు. అత్తగారితో మాత్రం మీరే మాట్లాడండి. ఆ బరువు పిల్లాడి మీద పెట్టకండి.

ఒకవేళ ఆడతానంటే, నిప్పు వద్దు. ఏడాదిగా సాధన లేని చేతులవి. నిప్పు లేకపోతే అది నాన్న నాట్యం కాదని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి. సమోవా వాళ్లకి ఆ కత్తి, దాని తిప్పుడు తరతరాల నాటివి. కత్తి చివర్లకు నిప్పు పెట్టడం 1946లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్రెడ్డీ లెటులీ అనే సమోవా నర్తకుడు మొదలుపెట్టింది. అంతకు ముందు నిప్పు లేకుండానే అది నిండైన నాట్యం. మీవారు కూడా వాడికి మొదట ఉత్త కర్రతోనే నేర్పి ఉంటారు.

మీ మరుదుల నవ్వు దగ్గరకు వస్తాను. అది మిమ్మల్ని ఎంత కోసిందో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. సమోవా వేడుకల్లో చివరిగా తావలుంగా అనే నాట్యం ఉంటుంది. మధ్యలో ఒక్కరు నెమ్మదిగా, చేతివేళ్లతోనే అంతా చెబుతూ ఆడతారు. చుట్టూ ఉన్నవాళ్లు అరుస్తారు, చిందులేస్తారు, నేల మీద పడి ఆ నర్తకి తమ వీపు మీద అడుగు వేసేలా చేస్తారు. చూసేవాళ్లకి అల్లరే. కానీ మేం తగ్గితే నువ్వు ఎత్తుగా కనిపిస్తావు అన్నది అందులోని మర్యాద. చిన్నప్పటి నుంచి ఒక మనిషిని గౌరవించడం అలా నేర్చుకున్నవాళ్లు, అన్న పోయినప్పుడు కూడా ఒంటికి తెలిసిన ఆ పనే చేసి ఉంటారని నాకనిపిస్తోంది. మీ ఒంటికి తెలిసింది మూలన కూర్చుని ఏడవడం. మీరు కూర్చోండి. వాళ్లు ఆడనివ్వండి. ఎవరి బాధ ఎక్కువో కొలవద్దు. ఒక్కసారి మరిదిని పక్కకు పిలిచి, "ఆ రోజు మీరు నవ్వుతుంటే నాకు చాలా కష్టమనిపించింది" అని చెప్పండి. అతను ఏమంటాడో వినండి. ఏడాదిగా ఈ మాట మీ ఇద్దరి మధ్య అడ్డుగా ఉంది.

మీ అమ్మగారి బాధ నాకు అర్థమైంది. మన ఊళ్లలోనూ పండు ముసలివాళ్లు పోతే డప్పులతో సాగనంపుతాం, కానీ నడివయసు మనిషికి అలా చేయం. ఆవిడ మనసులో ఉన్నది అదే. అల్లుడు అర్ధాయుష్షుతో పోయాడన్న దుఃఖం అది, మీ అత్తింటివాళ్ల మీద కోపం కాదు. సమోవాలో చాలామంది తమవాళ్లని ఇంటి ముందు వాకిట్లోనే సమాధి చేసుకుంటారని ఆవిడకి చెప్పండి. పిల్లలు ఆ పక్కనే ఆడుకుంటారు. పోయినవాళ్లని దూరంగా పంపేయని మనుషులు వాళ్లు. ఆవిడ తృప్తి కోసం ఆ ఉదయం ఇంట్లో దీపం పెట్టి, ఆయనకి ఇష్టమైనది వండి, నలుగురికి పెట్టండి. రెండూ చేసుకోవచ్చు.

ఖర్చుల్లో మీ వాటా ఎంత ఇవ్వగలరో ముందే సూటిగా చెప్పేయండి. అప్పు చేయకండి.

ఇక మీరు చెప్పాల్సిన నాలుగు మాటలు. ఆయన ఎంత గొప్పగా ఆడేవాడో అందరూ చెబుతారు, అది మీరు చెప్పక్కర్లేదు. ఆట అయ్యాక ఆయన ఇంటికి వచ్చేవారే, అది ఆ హాల్లో మీకూ పిల్లాడికీ తప్ప ఎవరికీ తెలియదు. కిరసనాయిలు వాసన వేసే చొక్కా, వంటింటి లైటు కింద చాచిన అరచేయి, మీరు కలబంద రాస్తుంటే ఆయన అన్న మాట. అది రాయండి, అర పేజీ చాలు. చదువుతుండగా గొంతు పూడుకుపోతే కాగితం అత్తగారికి ఇవ్వండి, మిగతాది ఆవిడ చదువుతుంది.

ఈలోగా బాబు నిద్ర, తిండి, బడి గమనిస్తూ ఉండండి. అవి బాగా దెబ్బతింటే స్కూల్లో కౌన్సెలర్‌ని కలవండి. మీకూ రాత్రుళ్లు నిద్ర లేకపోతే మీ డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటపడకండి.

అమ్మగారిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. అక్కడ సాయంత్రం ఆరంటే ఇక్కడ పొద్దున పదకొండు ప్రాంతం, ఆవిడకి ఇబ్బంది ఉండదు. ఫోన్‌ని ముందు వరుసలో అత్తగారి పక్క కుర్చీలో పెట్టండి.