టెక్ సందేహాలు: పగిలిన సింబల్‌కి ఎంసీల్ వద్దు

ఫోన్ వేడెక్కుతోంది, వైఫై పడకగది దాకా రావడం లేదు... మామూలుగా ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు ఇలాంటివే. ఈసారి నాలుగు ఉత్తరాలు డ్రమ్స్ గురించి, నాలుగూ బెంగళూరు నుంచి. సింబల్ (డ్రమ్స్‌లో కర్రతో కొట్టే కంచు పళ్లెం) గ్యాడ్జెట్ ఎప్పుడైందని అడగకండి. ప్రశ్నలో యాప్, యూట్యూబ్, కేబుల్ అన్న మాటలు కనిపిస్తే నాకు చాలు.

ప్రశ్న: మాది మారతహళ్లి. ఆఫీసు స్నేహితులం శని, ఆదివారాల్లో కలిసి వాయిస్తాం. నా 16 అంగుళాల క్రాష్ సింబల్ (ఊపుగా ఒక్క దెబ్బ కొట్టే రకం) అంచు నుంచి లోపలికి అంగుళం దాకా పగిలింది. కొడితే జుయ్ మంటోంది. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే ఎపాక్సీ జిగురుతో అతికించమంది, లేదంటే వెల్డింగ్ చేయించమంది. చేయించొచ్చా? పగులు ఎంత దూరం వెళ్లిందో చెప్పే యాప్ ఉందా?

జవాబు: రెండూ వద్దండి. సింబల్ మోగాలంటే రేకు మొత్తం కంపించాలి. ఎపాక్సీ, ఎంసీల్, ఫెవిక్విక్ ఏది పెట్టినా గట్టిపడి, నాలుగు దెబ్బలకే పొడిగా రాలిపోతుంది. వెల్డింగ్‌తో నష్టం ఇంకా ఎక్కువ. మంచి సింబళ్లలో 80 శాతం రాగి, 20 శాతం తగరం ఉంటాయి. బి20 అంటారు. మన గుడిగంటల కంచుకి ఇది చాలా దగ్గర. ఇంత తగరం ఉన్న కంచు నిదానంగా చల్లారితే పెళుసవుతుంది కాబట్టి తయారీలోనే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. వెల్డింగ్‌లో కరిగి, దానంతటదే చల్లారిన చోటు మళ్లీ పెళుసు. అతుకు నిలిచినా దాని పక్కన కొత్త పగులు మొదలవుతుంది. చాట్‌బాట్‌కి లోహం రేకు అని మాత్రమే అర్థమైనట్టుంది, అది మోగాల్సిన రేకు అని అర్థం కాలేదు.

డ్రిల్ చేయడం, కోయడం లాంటి మరమ్మతు కింద చెబుతాను, కానీ ఏదైనా కోసే ముందు బిల్లు వెతకండి. కొన్నది ఈమధ్యే అయితే పగులు ఫొటోలతో కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. వారంటీ సాధారణంగా తయారీ లోపాలకే వర్తిస్తుంది, వాడకంలో పగిలితే ఇవ్వరు. అయినా అడగడానికి ఖర్చేం లేదు. డ్రిల్ పెట్టాక మాత్రం అడిగే హక్కు పోయినట్టే.

పగులు కొలిచే యాప్ లేదు. శబ్దంలోని పౌనఃపున్యాలను గ్రాఫ్‌గా చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్‌లు ఉన్నాయి కానీ సింబల్ మోతలో వందల పౌనఃపున్యాలు కలగాపులగంగా ఉంటాయి. పగలని సింబల్ గ్రాఫ్ కూడా గజిబిజిగానే కనిపిస్తుంది. ఫోన్‌లో మీకు పనికొచ్చేది కెమెరా. చీకటి గదిలో సింబల్ వెనక టార్చ్ వెలిగించి, ముందు నుంచి మాక్రో మోడ్‌లో ఫొటో తీయండి. వెలుతురు దూరనంత సన్నటి చోట గోరుతో తడిమితే తగులుతుంది. పగులు చివర మార్కర్‌తో చిన్న గీత గీసి, పక్కన తేదీ వేయండి. వారం వాయించాక పగులు గీత దాటిందంటే ఇంకా పాకుతోందన్నమాట. ఇంకా కచ్చితంగా తెలియాలంటే పీణ్యా పారిశ్రామిక ప్రాంతం వైపు వర్క్‌షాపుల్లో వెల్డింగ్ పరీక్షకు వాడే డై పెనెట్రంట్ స్ప్రే ఉంటుంది. ఎర్ర రంగు కొట్టి, కాసేపాగి తుడిచి, పైన తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్ర గీతలా పైకి తేలుతుంది. ఒక్క సింబల్ కోసం ఇదంతా కొనక్కర్లేదు. తెలిసిన వర్క్‌షాపు ఉంటే పట్టుకెళ్లండి.

ఇప్పుడు అసలు మందు. పగులు కొస చాలా సన్నగా, పదునుగా ఉంటుంది. కొట్టిన ప్రతిసారీ ఒత్తిడంతా అక్కడే చేరి పగులును ముందుకు తోస్తుంది. ఆ కొస దగ్గర గుండ్రటి రంధ్రం వేస్తే ఒత్తిడి చుట్టూ పరుచుకుంటుంది, పగులు నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది. దీన్ని స్టాప్ డ్రిల్ అంటారు. విమానాల రేకు పగుళ్లకీ ఈ పద్ధతి ఉంది. మీ వీధిలో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌లో పనిచేసి రిటైరైనవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, నాకన్నా బాగా చెబుతారు. రంధ్రం 3 నుంచి 5 మిల్లీమీటర్లు చాలు. కంటికి కనిపించే కొసకి ఒకట్రెండు మిల్లీమీటర్లు అవతల వేయాలి, ఎందుకంటే అసలు కొస మనకు కనిపించేదానికన్నా కొంచెం ముందుకే ఉంటుంది. లోహానికి వాడే హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్ బిట్, తక్కువ స్పీడు, కింద చెక్క దిమ్మె, మధ్యమధ్యలో నీటి చుక్కలు. సింబల్‌ని క్లాంపుతో బిగించి తీరాలి. బిట్ పట్టేసిందంటే రేకు గిర్రున తిరిగి చేతిని కోసేస్తుంది. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా మొదలుపెట్టకండి.

రంధ్రంతో పగులు ఆగుతుంది కానీ జుయ్ మనే శబ్దం పోదు. అది పగులు రెండు అంచులూ ఒకదానికొకటి రాసుకోవడం వల్ల వస్తుంది. మీది అంచు పగులు, అంగుళమే కాబట్టి పగులున్న ముక్కను వెడల్పాటి వంపుగా కోసి తీసేయడం మేలు. ‘వి’ ఆకారంలో కోయొద్దు, ఆ మూలే కొత్త పగులుకు పుట్టిల్లు అవుతుంది. గ్రైండర్ వాడితే రేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కకుండా ఆగి ఆగి కోయండి. తర్వాత ఆకురాయి, ఆపైన ఎమరీ పేపర్. వేలితో తడిమితే ఎక్కడా గీసుకోకూడదు. మోత కాస్త పొట్టిగా, పొడిగా మారుతుంది. వారాంతపు బ్యాండుకి అది పెద్ద లోటు కాదు.

పగులు అంచు నుంచి కాకుండా రేకు మీది సన్నటి గాడుల వెంట గుండ్రంగా పాకుతుంటే, లేదా మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే బెల్‌కి చేరితే ఇంత శ్రమ వృథా. అలాంటిదాన్ని మరో సింబల్ మీద బోర్లించి స్టాక్‌గా వాడుకోండి. ఇప్పటి డ్రమ్మర్లు ఆ గరగర శబ్దం కోసం డబ్బు పెట్టి మరీ కొంటున్నారు.

కొత్తది కొనేలోపు ఒక పని చేయండి. మీరు క్రాష్ కొడుతుండగా పక్క నుంచి స్నేహితుడితో స్లో మోషన్ వీడియో తీయించండి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములుంటే చాలా బాగుంటుంది. కర్ర లావుపాటి భాగం నేరుగా అంచుకి అడ్డంగా తగులుతోందా, దెబ్బ తర్వాత సింబల్ స్వేచ్ఛగా ఊగుతోందా అని చూడండి. ఊగకుండా టక్కున ఆగిపోతే సింబల్‌ని స్టాండుకి పట్టి ఉంచే పైన వింగ్ నట్ బిగుసుకుపోయిందన్నమాట. ఊగి వదిలించుకోవాల్సిన దెబ్బ మొత్తం రేకే మోస్తోంది. కారణం అదైతే కొత్త సింబల్‌కీ అదే గతి.

ప్రశ్న: కె.ఆర్.పురం దగ్గర మా తెలుగు చర్చిలో యువకులం వాయిద్యాలు చూసుకుంటాం. రైడ్ సింబల్ (తాళం కోసం వరసగా కొట్టే పెద్ద సింబల్) మధ్య రంధ్రం ఒకవైపు సాగిపోయి, తాళం చెవి రంధ్రంలా అయింది. ఆదివారం యూట్యూబ్ లైవ్‌లో గరగర వస్తోందని ఇంట్లో చూసేవాళ్లు అంటున్నారు. మిక్సర్‌లో ఈక్యూతో (పౌనఃపున్యాలను పెంచే, తగ్గించే నాబ్‌లు) తీసేయొచ్చా?

జవాబు: తీయలేరండి. ఆ గరగర ఒక్క చోట ఉండదు, పై పౌనఃపున్యాలన్నింటా పరుచుకుంటుంది. దాన్ని కోస్తే పాట పాడేవారి గొంతులోని ‘స’, ‘శ’లు కూడా మొద్దుబారిపోతాయి. ఇది స్టాండు దగ్గరే తేలాల్సిన విషయం.

డ్రమ్మర్లు దీన్ని కీహోల్ అంటారు. స్టాండు రాడ్‌కి ఉండాల్సిన ప్లాస్టిక్ స్లీవ్ (గొట్టంలాంటి తొడుగు) ఎప్పుడో పోయి ఉంటుంది, ఎవరూ గమనించి ఉండరు. స్లీవ్ లేకపోతే రాడ్ మీది మర ఆకురాయిలా పనిచేస్తూ, సింబల్ ఊగిన ప్రతిసారీ కంచుని కొంచెం కొంచెం అరగదీస్తుంది. పగులు ఇంకా మొదలుకాకపోతే సాగిన చోటి మూలల్ని సన్నటి గుండ్రటి ఆకురాయితో నున్నగా చేసి, కొత్త స్లీవ్, కింద ఒకటి పైన ఒకటి ఫెల్ట్ (మెత్తటి ఉన్ని వాషర్) వేయండి. సంగీత వాయిద్యాల దుకాణంలో ఇవి సింబల్ ధరలో ఏ మూలకూ రావు. ఆదివారం లోపు దొరక్కపోతే మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక ట్యూబ్ ముక్క చాలు. లోపలి కొలత రాడ్‌కి, బయటి కొలత సింబల్ రంధ్రానికి సరిపోవాలి. చాలా స్టాండ్లలో రాడ్ 8 మిల్లీమీటర్లు ఉంటుంది, కొన్నింటిలో 6. సాగిన మూల నుంచి అప్పటికే పగులు బయల్దేరితే పై జవాబులో చెప్పిన స్టాప్ డ్రిల్లే.

చర్చి సెట్టు నలుగురు వాయిస్తారు కాబట్టి స్లీవ్ ఉందో లేదో చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. అందరి బాధ్యత అంటే ఎవరూ చూడరు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో ఉంటాం కాబట్టి ఎలక్ట్రానిక్ కిట్ కొన్నాను. క్రాష్ ప్యాడ్ మధ్యలో కొడితే మోగుతోంది, అంచున కొడితే మోగదు. చేత్తో పట్టుకుంటే ఆగడం కూడా మానేసింది. ప్యాడ్ మార్చాలా?

జవాబు: ముందు కేబుల్ మార్చి చూడండి. చాలా ప్యాడ్లలో మధ్య భాగం దెబ్బని పియెజో డిస్క్ పట్టుకుంటుంది, అంచుది మాత్రం రబ్బరు కింద ఉండే సన్నటి స్విచ్. ఈ రెండూ వెళ్లాలంటే స్టీరియో కేబుల్ ఉండాలి. జాక్ మీద రెండు నల్ల గీతలుంటే స్టీరియో, ఒకటే ఉంటే మోనో. ఎవరో గిటార్ కేబుల్ తగిలించి ఉంటే మీరు చెప్పిన లక్షణాలన్నీ కనిపిస్తాయి.

కేబుల్ సరిగ్గానే ఉంటే, బాగా పనిచేసే మరో సింబల్ ప్యాడ్ కేబుల్‌ని దీనికి పెట్టండి. అప్పుడు అంచు మోగితే తప్పు మాడ్యూల్ (ప్యాడ్ల కేబుళ్లన్నీ చేరి, శబ్దం పుట్టించే పెట్టె) పోర్టుదో, అందులో ఎంచుకున్న ప్యాడ్ రకానిదో. మోగకపోతే ప్యాడ్‌దే. మల్టీమీటర్ కంటిన్యూటీలో పెట్టి, జాక్ మధ్య వలయానికీ కింది భాగానికీ తాకించి అంచు నొక్కండి. చాలా కంపెనీల ప్యాడ్లలో బీప్ రావాలి. రాకపోతే స్విచ్‌కి వెళ్లే వైరు తెగిందో, స్విచ్ అరిగిందో అయి ఉంటుంది. ప్యాడ్ రాడ్ చుట్టూ తిరిగిపోకుండా ఆపే స్టాపర్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే ప్యాడ్ తిరిగిన కొద్దీ కేబుల్ లాగి లాగి లోపలి వైర్లు తెగుతాయి.

మధ్య భాగం కూడా ఎప్పుడైనా మూగబోతే పియెజో డిస్కులు ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో కొన్ని పదుల రూపాయలకే దొరుకుతాయి. పాతదాని వ్యాసం కొలిచి అదే సైజు తెచ్చుకోండి. సోల్డరింగ్ ఐరన్ ఆ తెల్లటి భాగం మీద ఎక్కువసేపు ఆనించొద్దు, పూత చెడిపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ సింబల్ చూశాను. ఫొటోలు బాగున్నాయి. ఎలా నమ్మాలి?

జవాబు: వెనక వైపు, మధ్య రంధ్రం, అంచు చుట్టూ దగ్గరగా తీసిన వీడియో అడగండి. స్టాండుకి వేలాడదీసి, అంచు చుట్టూ వేలితో మెల్లగా తట్టి వినిపించమనండి. ఏదో ఒక చోట మోత చచ్చిపోయినా, సన్నగా జుయ్ మన్నా అక్కడ పగులున్నట్టే. కట్టింగ్, డ్రిల్లింగ్ అయిన సింబల్ అని ముందే చెప్పి తక్కువకు ఇస్తుంటే తీసుకోవడంలో తప్పులేదు, బేరం గట్టిగా చేయండి. ‘ఇంటికి తెచ్చాక చూసుకోండి, వీడియో తీసే తీరిక లేదు’ అనేవాళ్లకి మాత్రం అడ్వాన్స్ పంపకండి.