పాల సంఘం పెట్టే ముందు

చిట్టితల్లీ,

మీ ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి పాల సంఘం పెట్టుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. పద్దెనిమిదేళ్లు మా సంఘం లెక్కలు చూసినదాన్ని కదా, కొన్ని మాటలు రాస్తున్నా.

ముందు ఫ్యాట్ మిషన్, అదే పాలలో వెన్న శాతం చూసి ధర కట్టే మిషన్, ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. చిన్న విషయం అనుకోకు. మేం మొదట్లో లోపలి గదిలో పెట్టాం, బయట క్యూలో ఉన్నవాళ్లకు అంకె కనపడేది కాదు. ఒకరోజు ఒకే గేదె పాలకు పొద్దున 7, సాయంత్రం 5.8 వచ్చింది. పాలు బాగా కలపకుండా శాంపిల్ తీశారు, అంతే. కానీ లోపల ఏం జరిగిందో చూడని మనిషికి అనుమానం రాదా? వారం తిరగకుండా పదకొండు మంది బయటి వ్యాపారికి పోయడం మొదలుపెట్టారు. అప్పుడు మిషన్ని అరుగు మీదికి తెచ్చి, అంకె వాళ్లవైపు తిప్పాం. తేడా అనిపిస్తే అక్కడే, వాళ్ల కళ్లముందే రెండోసారి టెస్ట్ చేసేవాళ్లం. ఏడుగురు తిరిగొచ్చారు. రాని నలుగురిని తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

పది గేదెలున్నా ఒక్కటే ఉన్నా ఓటు ఒక్కటే. బోనస్ మాత్రం ఎవరు ఎన్ని పాలు పోశారో దాన్నిబట్టి, వాటా డబ్బును బట్టి కాదు. ఎండాకాలంలో పాలు తగ్గగానే బయటివాళ్లు లీటరుకు రెండు రూపాయలు ఎక్కువిస్తామంటారు, చలికాలంలో పాలు పెరిగితే వాళ్లే వద్దంటారు. అందుకే ఎండాకాలం పోసిన లీటరుకు బోనస్ కాస్త ఎక్కువ కట్టాలని రూలు రాసుకోండి. అది మాకు బాగా పనిచేసింది. బిల్లు పదిహేను రోజులకోసారి, ఒక్కరోజు కూడా దాటనివ్వద్దు. చాలా ఇళ్లలో దాణాకైనా పిల్లల ఫీజుకైనా ఆ డబ్బే ఆధారం.

రిజిస్ట్రేషన్ 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద చేయించండి. ప్రభుత్వ వాటా ధనం ఉండదు, బైలా, అంటే సంఘం నియమాలు, మీరే రాసుకోవచ్చు. వీలైతే ఒకసారి తెలంగాణలోని ముల్కనూరు వెళ్లి రండి. 1956లో విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు ఉంది, 2002లో మొదలైన ఆడవాళ్ల డెయిరీ కూడా ఉంది. అక్కడి పాలకేంద్రంలో కూర్చుని పొద్దుటి పూట పాలు పోయించుకోవడం చూడండి, నేను రాసినదానికంటే బాగా అర్థమవుతుంది.

మొదటి మీటింగు పాలు తీసే టైముకు పెట్టకు, ఒంటరిగా పశువుల్ని చూసుకునేవాళ్లు రాలేరు. ఒక్క గేదె ఉన్నవాళ్ల ఇళ్లకు నువ్వే స్వయంగా వెళ్లి పిలువు. తేదీ ఖాయం కాగానే చెప్పు, నేనూ వస్తా.

నీ పెద్దమ్మ