కొండ మీద ద్రాక్ష వేస్తానంటున్న అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వూ అల్లుడూ కొండవాలు మీద ద్రాక్ష వేసి, ఆ పండుతో సొంతంగా వైన్ తీద్దామనుకుంటున్నారని చెప్పాడు. అప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. సంతోషమూ ఉంది, గుబులూ ఉంది. నా తర్వాత మన ఇంట్లో ఈ పని ఇంకెవరూ ఎత్తుకోరనే అనుకున్నాను తల్లీ.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. అంటు మొక్కలే కొనండి. 1860లలో ఫిల్లోక్సెరా అనే చిన్న పురుగు వేళ్లు తినేసి ఫ్రాన్స్ తోటల్ని నాశనం చేసినప్పటి నుంచి చాలా దేశాల్లో అమెరికా జాతి వేళ్ల మీదే అంటు కడుతున్నారు. వెయ్యి మీటర్లు పైకి వెళితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి త్వరగా పండే రకం చూసుకోండి. వాలు అడుగున గుంటలా ఉన్నచోట మట్టి ఎంత బాగున్నా వేయొద్దు, చల్లగాలి నీళ్లలాగే కిందికి జారి అక్కడ చేరుతుంది, మంచుకి చిగుళ్లు మాడిపోతాయి. మూడో ఏడు దాకా చెప్పుకోదగ్గ కాపు రాదు, అప్పు చేసేముందు ఆ లెక్క వేసుకోండి.

ఇక మట్టి సంగతి. ఇది నిదానంగా చదువు.

తోట వేసిన నాలుగో ఏడు. అప్పట్లో నాకు కలుపంటే కంటగింపు. వరుసల మధ్య గడ్డిపోచ కనిపిస్తే పరువు పోయినట్టుండేది. ట్రాక్టర్‌కి వీలుగా ఉంటుందని వరుసలు పైనుంచి కిందికి వేశాను, వాలు వెంటే దున్నాను. మీ తాతయ్య వచ్చి చూసి, "ఇన్ని కాలువలు ఎందుకు తవ్వావురా?" అన్నారు. కాలువలు కాదు నాన్నా, చాళ్లు అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

ఆ ఏడు ఒక సాయంత్రం రెండు గంటలు వాన పడింది. అంతే. తెల్లారి వెళ్లి చూస్తే పై వరుసల్లో మొక్కలు బయటపడ్డ వేర్ల మీద నిలబడి ఉన్నాయి. నాటినప్పుడు అంటు ముడి నేలకి నాలుగు వేళ్ల ఎత్తున ఉంచాను. ఇప్పుడు ముడి కింద చెయ్యి పెడితే మట్టి జానెడు దూరంలో తగిలింది. ఆ మట్టంతా కింద గట్టు దగ్గర పేరుకుపోయి ఉంది. మీ పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తట్ట తెచ్చి, మట్టి నింపుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టింది. రెండు నెలలు మోశాం. ఆమెకి భుజం నొప్పి పట్టుకుంది అప్పుడే. అంతా చేసి పైన పోసినా ఆ మట్టిలో మునుపటి జీవం రాలేదు, తవ్వితే ఒక్క వానపామూ కనిపించేది కాదు.

అందుకే వరుసలు వాలుకి అడ్డంగానే వేయండి. మధ్యలో గడ్డి ఉండనివ్వండి, కోసి అక్కడే పరచండి. లేత మొక్కల పాదుల్లో మాత్రం మొదటి రెండేళ్లు కలుపు తీయాలి, లేకపోతే ఉన్న నీళ్లన్నీ గడ్డే తాగేస్తుంది. అడ్డంగా వెళితే ట్రాక్టర్ బోల్తా పడేంత వాలుంటే నేలని మెట్లు మెట్లుగా చదును చేసి గోడలు కట్టాల్సిందే. గోడలు సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి కట్టించండి, సందుల్లోంచి నీరు దిగిపోతుంది, వెనక నిలబడి గోడని తోసేయదు.

సేంద్రియం అన్నారు కదా అని మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ఇష్టమొచ్చినట్టు కొట్టకండి. 1885 నుంచి బూజు తెగులుకి అదే మందు, కానీ అందులోని రాగి ఎక్కడికీ పోదు, నేలలోనే పేరుకుంటుంది. యూరప్‌లో హెక్టారుకి ఏడేళ్లకి కలిపి 28 కిలోల రాగి దాటకూడదని నియమం పెట్టింది ఊరికే కాదు. ఆకులకి గాలి ఆడేలా కత్తిరిస్తే సగం మందు మిగులుతుంది, ఇది నేను నా తోటలో చూసిన మాట.

ఇంకోటి, దీని మీద నాతో వాదించకు. రసం పులిసే గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. లీటరు రసం పులిస్తే 40 లీటర్లకు పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గాలి కన్నా బరువు కాబట్టి కింద పేరుకుంటుంది, కంటికి కనపడదు. దీపం ఆరలేదు కదా అని దిగకు, దీపం ఆరకముందే మనిషి పడిపోవచ్చు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచే మీటరు కొనండి, ఫ్యాన్ పెట్టండి. పిల్లల్ని ఆ గది గుమ్మం దాటనివ్వకు. కోప్పడుతున్నానని అనుకోకు అమ్మా, నాకు భయం.

వాలుకి అడ్డంగా గీత ఎలా గీయాలో అల్లుడికి తెలియకపోవచ్చు. మూడు కర్రలు ఇంగ్లీషు 'A' అక్షరంలా కట్టి, మధ్యలో దారానికి రాయి వేలాడదీసిన చట్రం నా దగ్గరుంది, మీ నాన్నతో పంపుతున్నాను. దారం పాతబడింది, మార్చుకోండి. రాయి మాత్రం మార్చొద్దు, అది మీ పెద్దమ్మ ఏరి తెచ్చింది. మొదటి గీత గీసే రోజు చెప్పు, నేనూ వస్తాను. పైదాకా ఎక్కలేను గానీ కింద కూర్చుని చూస్తూ ఉంటాను. అప్పటిదాకా ట్రాక్టర్‌ని పిలవకండి.

మీ పెదనాన్న