రాత్రి ఫోన్ మోగితే గుండె జారిపోతోంది

ప్రశ్న: అక్కా, మా అబ్బాయికి 31 ఏళ్లు. విడిగా ఉంటున్నాడు. నాలుగేళ్లుగా తాగుడు మానలేకపోతున్నాడు. డబ్బివ్వడం ఆరు నెలల కిందటే ఆపేశాం. ఇప్పుడు అర్ధరాత్రి తాగి ఫోన్ చేస్తాడు. కాసేపు ఏడుపు, తర్వాత తిట్లు. ‘నువ్వు సరిగ్గా పెంచుంటే ఇలా అయ్యేవాణ్ణా?’ అంటాడు. తెల్లారితే ఏమీ గుర్తులేదంటాడు. నాకు మాత్రం రోజంతా ఆ మాటలే చెవుల్లో తిరుగుతాయి. ఎత్తకపోతే ఏమవుతుందోనని భయం, ఎత్తితే ఆ మర్నాడు నేను మనిషిని కాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, మా అబ్బాయి నిద్రమాత్రలకు బానిసైన రోజుల్లో నేనూ ఫోన్ దిండు కింద పెట్టుకునే పడుకునేదాన్ని. వాడు నవ్వుతూ మాట్లాడిన రోజున నాకు ఆకలి వేసేది. లేకపోతే లేదు. డబ్బు ఆపడం కన్నా ఇది ఆపడమే కష్టం.

గుర్తులేదన్న మాట నిజమే అయ్యుండొచ్చు. ఒంట్లో మద్యం బాగా ఎక్కువైనప్పుడు మనిషి మాట్లాడతాడు, వాదిస్తాడు, కానీ మెదడు ఆ సంగతుల్ని గుర్తుపెట్టుకోలేదు. అంటే ఆ గంటసేపు మీరు ఏడ్చి, బతిమాలి చెప్పిందేదీ అతనికి చేరలేదు. మీరొక్కరే మోస్తున్నారు. కాబట్టి చెప్పాల్సింది పగలు, తాగి లేనప్పుడు చెప్పండి. ‘రాత్రి ఫోన్ చేస్తే ఒక్కసారి ఎత్తుతాను. నీకు ప్రాణం మీదకు వచ్చిందా అని అడుగుతాను. లేదంటే పెట్టేస్తాను. పొద్దున ఎంతసేపైనా మాట్లాడతాను.’ అంతే. కారణాలు చెప్పుకుంటూ పోతే వాదన మొదలవుతుంది. ‘నువ్వు తాగకూడదు’ అన్నది హద్దు కాదు, ఆజ్ఞ. అది మన చేతిలో లేదు. ఫోన్ పెట్టేయడం మీ చేతిలో ఉంది.

ఇక్కడొక సంగతి ముందే తెలిసుండాలి. మొదట్లో ఫోన్లు తగ్గవు, పెరుగుతాయి. తిట్లూ పెరుగుతాయి. పదకొండుసార్లు ఊరుకుని పన్నెండోసారి ఎత్తి గంటసేపు మాట్లాడారంటే, పన్నెండుసార్లు చేస్తే అమ్మ మాట్లాడుతుందని మనమే నేర్పినట్టవుతుంది. నేను ఆ పొరపాటు చాలాసార్లు చేశాను. ఇంట్లో మీవారు కూడా ఇదే మాట మీద ఉండాలి.

ప్రాణాపాయం దగ్గర మాత్రం ఈ హద్దు లేదు. చచ్చిపోతానంటే బెదిరింపని కొట్టిపారేయకండి. ‘ప్రాణం తీసుకోవాలనుకుంటున్నావా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన రాదు. అవునంటే లైన్‌లోనే ఉండి, ఇంకో ఫోన్ నుంచి దగ్గర్లో ఉన్నవాళ్లను, అత్యవసర సేవలను పిలిపించండి. ఇంకోటి, కోపంలో ‘ఈ క్షణమే మానెయ్’ అనకండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. మాన్పించడం డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి.

పెంపకం గురించి అతనన్న మాట మిమ్మల్ని ఎక్కడ గుచ్చిందో నాకు తెలుసు. తాగుడు వ్యసనంలో వంశపారంపర్యం వాటా దాదాపు సగమని కవలల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. మిగతా సగంలో స్నేహాలు, ఒత్తిడి, మొదటిసారి తాగిన వయసు, ఇలా ఎన్నో. పెంపకం ఒక్కటే దీన్ని తెచ్చిపెట్టదు. తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ బృందాల్లో ఒక మాట చెప్పుకుంటారు: ఇది నేను తెచ్చింది కాదు, నేను అదుపు చేయగలిగింది కాదు, నేను నయం చేయగలిగిందీ కాదు. వీలైతే అలాంటి బృందంలో ఒకసారి కూర్చోండి. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనివి నేను అక్కడే చెప్పుకోగలిగాను.

మొదటిసారి రెండు నిమిషాలకే ఫోన్ పెట్టేసిన రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. రెండో వారంలో ఒక రాత్రి నాలుగు గంటలు నిద్రపోయాను. మా అబ్బాయి డాక్టర్ దగ్గరికి వెళ్లింది మరో ఏడాదికి. నేను ఫోన్ పెట్టేయడం వల్లే వెళ్లాడని అనను. వెళ్లిన రోజున పక్కన కూర్చునే ఓపిక మాత్రం నాకు మిగిలి ఉంది.

ఈలోగా ఒక పొద్దున మీరే అతనికి ఫోన్ చేయండి. తాగుడు ఊసెత్తకుండా పది నిమిషాలు మాట్లాడండి.