21 ముక్కల పేక ట్రిక్‌ని బోర్ కొట్టకుండా ఎలా చేయాలి?

ముక్కలు అడ్డంగా పంచుతూ ఏడేసి చొప్పున మూడు నిలువు వరుసలు పేర్చి, అవతలివాళ్లు తలచుకున్న ముక్క ఏ వరుసలో ఉందో అడిగి, ఆ వరుసని మిగతా రెండింటి మధ్యలో పెడతాం కదా, అలా మూడుసార్లు చేస్తే అది 11వ ముక్కగా వస్తుంది. బోర్ కొట్టేది చివర్లో లెక్కపెట్టడమే. నిజానికి మూడోసారి పంచేసరికే అది తన వరుసలో నాలుగో ముక్క, వాళ్లు వరుస చూపించగానే మీకు తెలిసిపోతుంది! ఆ ముక్క గుర్తుపెట్టుకుని, కట్ట వాళ్ల చేతికే ఇచ్చి బాగా కలపమనండి, తర్వాత అన్నీ పరిచి వాళ్ల చేయి పట్టుకుని ముక్కల మీదుగా మెల్లగా తిప్పుతూ దాని దగ్గర ఆపండి.

ఇది చూసేసినవాళ్లకి 27 ముక్కలతో చేయండి, వాళ్లు చెప్పిన నంబర్‌కే ముక్క తెప్పించొచ్చు. 5 అన్నారనుకోండి, వాళ్ల వరుస మొదటి రెండుసార్లు మధ్యలో, మూడోసారి బోర్లా పట్టుకున్న కట్టకి పైన ఉండాలి. 14 అయితే మూడుసార్లూ మధ్యలోనే.